చమురు బావులు దేశానికి, చదువు కూలిబిడ్డలకు: మెక్సికో కార్డెనాస్ కథ

మన పల్లెలకు కరెంటు రాకముందు రాత్రి అంటే కిరసనాయిలు బుడ్డి. ఆ కిరసనాయిలు డబ్బా మీద బర్మాషెల్ ముద్ర పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. ఆ కంపెనీలో సగం వాటా షెల్‌ది. ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ కలిసి నడిపిన గుత్త కంపెనీ అది. మన ప్రభుత్వం 1976లో బర్మాషెల్‌ను స్వాధీనం చేసుకుంది. విశాఖపట్నంలో కాల్టెక్స్ కంపెనీ చమురుశుద్ధి కర్మాగారం కూడా ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వపరమైంది. దానికి ముప్పయ్యెనిమిదేళ్ళ ముందే మరో పేద దేశం ఇదే షెల్‌ను, దానితోపాటు అమెరికా కంపెనీలను తన గడ్డ మీంచి సాగనంపింది. ఆ దేశం మెక్సికో. ఆ పని చేసిన అధ్యక్షుడు లాసరో కార్డెనాస్. ప్రాథమిక పాఠశాల దాటి చదవని మనిషి. చమురు కంటే ముందు భూమి పంచినవాడు. అందుకే ఆయన కథ రైతుకూలీల పేజీలో చెప్పుకోవలసిన కథ.

కార్డెనాస్ 1895 మే 21న మిచువాకాన్ రాష్ట్రంలో హికీల్పాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రికి చిన్న కొట్టు ఉండేది. ఎనిమిదిమంది పిల్లల సంసారం. లాసరోకు పదహారేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పన్నుల ఆఫీసులో గుమాస్తాగిరీ, అచ్చాఫీసులో పని, ఏది దొరికితే అది చేసి కుటుంబాన్ని ఈదుకొచ్చాడు. అప్పటికే దేశం అట్టుడికిపోతోంది. 1910లో విప్లవం మొదలైంది. అప్పట్లో భూమంతా పెద్ద పెద్ద హసియెండాల కింద ఉండేది. హసియెండా అంటే మన జమీలాంటిదే. పాలేరుకు కూలీ డబ్బు చేతికి రాదు. దొర దుకాణంలోనే సరుకు తీసుకోవాలి, అప్పు తీరేదాకా కదలకూడదు, ఆ అప్పు ఎన్నటికీ తీరదు. తండ్రి అప్పు కొడుకు నెత్తిన. ఈ సంగతి మనవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

1913లో కార్డెనాస్ విప్లవ సైన్యంలో చేరాడు. ఇరవై అయిదేళ్ళకే జనరల్ అయ్యాడు. 1925 నుంచి మూడేళ్ళు హువాస్తెకా ప్రాంతంలో సైన్యాధికారిగా ఉన్నాడు. అది చమురు బావుల సీమ. అక్కడ ఆయన కళ్ళారా చూసింది ఏ బడిలోనూ నేర్పని పాఠం.

అప్పటి మెక్సికో చమురు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1921లో ఆ దేశం 19 కోట్ల బ్యారెళ్ళకు పైగా చమురు తీసింది. అమెరికా తర్వాత ప్రపంచంలో రెండో స్థానం దానిదే. ఆ చమురులో అత్యధిక భాగం ఓడలెక్కి పోయేది. బావుల పక్కన విదేశీ ఇంజనీర్ల బంగళాలకు కంచెలు, మంచినీళ్ళు, ఫ్యాన్లు. కంచె బయట మెక్సికన్ కూలీల పాకలు, దోమలు, మురికి. పై ఉద్యోగాలన్నీ విదేశీయులవే. బావి ఎక్కడ తవ్వాలి, గొట్టం ఎలా వెయ్యాలి, చమురును ఎలా శుద్ధి చెయ్యాలి అన్న పటాలూ లెక్కలూ వాళ్ళ బీరువాల్లోనే ఉండేవి. కూలీకి తెలిసింది కవాటం తిప్పడం, గొట్టం మొయ్యడం. కంపెనీలు తమ సొంత తుపాకీ దళాలను కూడా పోషించేవి. కొత్తగా వచ్చిన ఈ జనరల్‌ను మంచి చేసుకుందామని ఒక ఖరీదైన కారు బహుమానంగా పంపాయి. ఆయన తిప్పి పంపేశాడు. అంతకు ముందు అధికారులు చాలామంది తిప్పి పంపలేదు మరి!

అక్కడే ఫ్రాన్సిస్కో ముహికా అనే సోషలిస్టు భావాల జనరల్‌తో స్నేహం కుదిరింది. భూమీ, భూమికింది సంపదా జాతివే అని 1917 రాజ్యాంగంలోని 27వ అధికరణం చెబుతోంది. ఆ అధికరణాన్ని రాయించడంలో ముహికాకు పాలుంది. కాగితం మీద అక్షరం ఉంది, అమలు చేసే చెయ్యి లేదు.

1934 ఎన్నికల్లో కార్డెనాస్ గెలుపు ముందే ఖాయం. పాలకపార్టీ అభ్యర్థికి ఎదురులేని రోజులవి. అయినా రైలు, కారు, పడవ, గుర్రం, ఏది దొరికితే అది ఎక్కి 27 వేల కిలోమీటర్లు తిరిగాడు. అధ్యక్షుడయ్యాక చపుల్తెపెక్ కోటలో కాపురం పెట్టకుండా దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. జీతం సగానికి తగ్గించుకున్నాడు. రోజుకొక గంట ఎవరైనా సరే పైసా కట్టకుండా అధ్యక్షుడికి తంతి పంపుకోవచ్చునని ఉత్తరువు ఇచ్చాడు. దొర నీళ్ళు ఆపాడని ఒక ఊరివాళ్ళు, గొడ్లు చచ్చిపోయాయని మరో ఊరివాళ్ళు తంతులు కొట్టేవాళ్ళు. ఆయనను అధ్యక్షుణ్ణి చేసి తెరవెనక తానే ఏలుదామనుకున్న మాజీ అధ్యక్షుడు కయ్యెస్‌ను 1936 ఏప్రిల్‌లో విమానమెక్కించి దేశం దాటించాడు.

ఇక భూమి. ఆరేళ్ళలో దాదాపు 1 కోటి 80 లక్షల హెక్టార్లు పంచాడు. మన లెక్కలో నాలుగున్నర కోట్ల ఎకరాలకు దగ్గర. అంతకు ముందు అధ్యక్షులందరూ కలిసి పంచినదానికంటే ఇది ఎక్కువ. భూమిని ఎహిదో పేరుతో ఊరికి ఉమ్మడిగా ఇచ్చారు. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, కాని అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. 1936లో లా లగూనా పత్తి సీమలో కూలీలు సమ్మె చేసిన మీదట, ఆయన స్వయంగా అక్కడికి వెళ్ళి మకాం వేసి నెలన్నరలో పంపకం పూర్తి చేయించాడు. సుమారు 30 వేల కుటుంబాలకు భూమి దక్కింది. అప్పు పెట్టడానికి ఎహిదో బ్యాంకు వచ్చింది.

ఇక్కడే ఒక లోపం కూడా చెప్పాలి. భూస్వామి తనకు నచ్చిన చోట 150 హెక్టార్లు మిగుల్చుకోవచ్చునని చట్టం. వాళ్ళు ఏం చేశారు? బోరుబావులూ పంపులూ ఉన్న చెక్కను తాము ఉంచుకుని, నీళ్ళెక్కని చెక్కలు కూలీలకు వదిలారు. మన సీలింగు చట్టాల సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. పొలం ఉంది, నీళ్ళు తోడే ఇంజను లేదు. ఇంజను ఉన్నా నూనె కంపెనీ చేతిలో, కరెంటు మరో కంపెనీ చేతిలో. భూమి సమస్య తేల్చుకోబోయిన ప్రభుత్వం ఇంధనం దగ్గరికి రాక తప్పలేదు.

కరెంటు పరిస్థితి ఎలా ఉండేదంటే, 1937లో మెక్సికో జనాభా 1 కోటి 83 లక్షలైతే 70 లక్షలమందికే విద్యుత్తు అందేది. మూడు విదేశీ కంపెనీలు పట్టణాలను పంచుకున్నాయి. పల్లెలకు తీగలు లాగితే లాభం రాదు కనుక లాగలేదు, అంతే. 1937 ఆగస్టు 14న కార్డెనాస్ ఫెడరల్ విద్యుత్ సంఘాన్ని స్థాపించాడు. దాని తొలి సారథి ఇంజనీరు కార్లోస్ రమీరెస్ ఉయ్యోవా. మొదలు పెట్టినప్పుడు ఎంత చిన్నదో వింటే నవ్వొస్తుంది. 1938లో ఆ సంస్థ మొత్తం శక్తి 64 కిలోవాట్లు. ఈనాటి లెక్కలో పదో పదిహేనో పంపుసెట్లకు సరిపోతుంది. తెలొలొవాపాన్, పాట్స్‌క్వారో లాంటి చిన్న ఊళ్ళ దగ్గర వాగుల మీద చిన్న చిన్న కేంద్రాలు కట్టారు. వీధి దీపం, పొలానికి నీళ్ళు తోడే పంపు, మొక్కజొన్న రుబ్బే మర. ఇవే మొదటి పనులు. ఆ చివరిదాన్ని చిన్నచూపు చూడొద్దు. మెక్సికో ఆడవాళ్ళు నానబెట్టిన మొక్కజొన్నను తెల్లవారకముందే లేచి మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద రుబ్బేవాళ్ళు. రోజూ గంటల తరబడి. ఊళ్ళ మహిళా సంఘాలకు ఈ మరలు ఇప్పించడం కార్డెనాస్ ప్రభుత్వం పట్టుబట్టి చేసిన పని.

విద్యుత్ కంపెనీలను ఆయన అప్పుడే స్వాధీనం చేసుకోలేదు. పక్కన సొంత సంస్థను మొలకెత్తించాడు. ఎనిమిదేళ్ళలో 64 కిలోవాట్లు 45 వేలు దాటింది. 1960కి దేశపు విద్యుత్తులో సగానికి పైగా ఈ సంస్థదే. ఆ ఏడాది సెప్టెంబరు 27న అధ్యక్షుడు లోపెస్ మతెయోస్ విద్యుత్తును జాతీయం చేస్తే ఎక్కడా దీపం ఆరలేదు. ఇరవై మూడేళ్ళుగా తయారైన ఇంజనీర్లూ లైన్‌మెన్లూ చేతిలో ఉన్నారు.

అదే దూరదృష్టితో 1936లో జాతీయ పాలిటెక్నిక్ విద్యాలయాన్ని పెట్టాడు. పాత విశ్వవిద్యాలయం వకీళ్ళనూ డాక్టర్లనూ తయారుచేసేది, అది ఉన్నవాళ్ళ పిల్లలకు. పాలిటెక్నిక్ మాత్రం కార్మికుల, రైతుల పిల్లలకు. వాళ్ళకోసం అక్కడ హాస్టలు కూడా ఉండేది. ఎలక్ట్రికల్, మెకానికల్, పెట్రోలియం ఇంజనీరింగు చదువులు నడిచాయి. ఇది పెట్టేనాటికి చమురు జాతీయం మాటే లేదు.

ఆ చమురు కథ కార్మికుల నుంచే మొదలైంది. కంపెనీకొకటిగా చీలి ఉన్న సంఘాలు 1935 ఆగస్టులో ఒకే యూనియనుగా ఏకమయ్యాయి. సుమారు 18 వేలమంది కార్మికులు. అందరికీ ఒకే ఒప్పందం కావాలన్నారు. కంపెనీలు ఒప్పుకోలేదు. 1937 మే 28న సమ్మె మొదలై, దేశంలో బండ్లు ఆగిపోయాయి. ప్రభుత్వం ముగ్గురు నిపుణులను వేసి కంపెనీల లెక్కలు తవ్వించింది. ఆర్థికవేత్త హెసూస్ సిల్వా హెర్సోగ్ అందులో ముఖ్యుడు. వాళ్ళు రాసిన నివేదిక 2,700 పేజీలు. కంపెనీలు చెప్పుకుంటున్నంత బీదవి కావనీ, ఏడాదికి 2 కోట్ల 60 లక్షల పెసోలు అదనంగా ఇవ్వగలవనీ తేలింది. డిసెంబరులో కార్మిక బోర్డు అలాగే తీర్పు చెప్పింది. 1938 మార్చి 1న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అయినా కంపెనీలు కట్టమన్నాయి. చివరి మంతనాల్లో, అంతకంటే ఎక్కువ అడగబోరని తాను హామీ ఉంటానని అధ్యక్షుడు చెబితే, ఆ హామీ ఏపాటిదన్నట్టు కంపెనీ మనిషి ఒకడు మాట్లాడాడట. ఒక దేశాధ్యక్షుడి మాటకు కంపెనీ గుమాస్తా ఇచ్చిన విలువ అది!

మార్చి 9 రాత్రి కార్డెనాస్ దారిపక్కన కారు ఆపించి, చీకట్లో ముహికాతో గంటకు పైగా నడుస్తూ మాట్లాడాడు. యూరపులో యుద్ధం ముసురుకొస్తోంది, పెద్ద దేశాలకు ఇటు చూసే తీరిక ఉండదు, ఇదే అదను అని ఇద్దరికీ తోచింది. 1938 మార్చి 18 రాత్రి పదిగంటల వేళ రేడియోలో జాతికి ప్రకటన వినిపించాడు. పదిహేడు విదేశీ కంపెనీల ఆస్తులు జాతీయం. నష్టపరిహారం చట్టప్రకారం ఇస్తామని కూడా చెప్పాడు.

ఏప్రిల్ 12న రాజధానిలోని కళాభవనం ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. అధ్యక్షుడి భార్య అమాలియా ముందు నిలబడింది. నగలున్నవాళ్ళు నగలు, పెళ్ళి ఉంగరాలు ఇచ్చారు. పల్లె నుంచి వచ్చినవాళ్ళు కోళ్ళు, పందులు, చిల్లర డబ్బులు తెచ్చారు. పోగైనదానితో షెల్ అప్పు తీరేది కాదు. ఆ సంగతి కోడిని చంకలో పెట్టుకొచ్చిన అవ్వకూ తెలుసు.

ఇక అసలు పరీక్ష. విదేశీ ఇంజనీర్లు వెళ్ళిపోయారు. మెక్సికో చమురు మోయడానికి ఓడలు ఇవ్వొద్దని కంపెనీలు ప్రపంచమంతా కట్టడి చేశాయి. పెట్రోలులో కలిపే సీసపు రసాయనం రాలేదు, యంత్రాల విడిభాగాలు రాలేదు. ఆరు నెలల్లో కాళ్ళమీద పడతారని పందేలు కాశారు. బ్రిటనుతో దౌత్యసంబంధాలే తెగిపోయాయి. బావుల దగ్గర కార్మికులే కమిటీలు వేసుకున్నారు. నిన్నటిదాకా మేస్త్రీగా ఉన్నవాడు సూపరింటెండెంటయ్యాడు. ఫిట్టరు పాత ఇనుము కరిగించి విడిభాగం పోశాడు. 1937లో 4 కోట్ల 70 లక్షల బ్యారెళ్ళు తీసిన చోట 1938లో 3 కోట్ల 90 లక్షలు వచ్చింది. తగ్గింది గాని ఆగలేదు. జూన్ 7న పెమెక్స్ అనే జాతీయ చమురు సంస్థ పుట్టింది. కొనేవాళ్ళు లేక కొంతకాలం జర్మనీ, ఇటలీలకు అమ్మాల్సి వచ్చింది. ఫాసిజానికి నిలువెల్లా శత్రువు, స్పెయిన్ రిపబ్లికు శరణార్థులను వేల సంఖ్యలో ఆదుకున్న మనిషి, హిట్లరుకు చమురు అమ్మడం చేదుమాత్రే. ప్రజాస్వామ్య దేశాలమని చెప్పుకునేవి కొనకపోవడమే దానికి కారణం.

అంతా సవ్యంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. నైపుణ్యం ఉన్నవాళ్ళు కొద్దిమంది, కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువమంది. యూనియను నాయకులు తమవాళ్ళకు ఉద్యోగాలు పంచుకున్నారు. కొత్త బావులు తవ్వే శక్తి లేక చాలాకాలం పోసారికా అనే ఒక్క చమురు క్షేత్రం మీదే బండి లాగారు. 1940లో స్వయంగా కార్డెనాస్ ప్రభుత్వమే ఖర్చులు తగ్గించమని యూనియను మీద బోర్డుకెక్కాల్సి వచ్చింది. కార్మికుల అండతో కంపెనీలను ఓడించినవాడు కార్మికులతో తగువుకు దిగడమా అని కొందరు బాధపడ్డారు. నా ఉద్దేశంలో తప్పు రెండు వైపులా ఉంది. పరిశ్రమ జాతిదయ్యాక జవాబుదారీ ఎవరిదో ముందే తేల్చుకోలేదు. అంతకంటే పెద్ద తప్పు మరొకటి. కార్మికుల సమాఖ్య వేరు, రైతుల సమాఖ్య వేరు అని గీత గీసి, రెండింటినీ పాలకపార్టీ గూట్లో కట్టేశాడు. కార్మిక సమాఖ్య పల్లెల్లో కూలీలను కూడగడతామంటే వద్దన్నాడు. తర్వాత వచ్చిన పాలకులు ఆ కట్టుతాడును ఎలా వాడుకున్నారో మెక్సికో రైతును అడగాలి.

అయినా సంస్థలు నిలిచాయి. అమెరికా కంపెనీలకు సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారం 1942లో తేలింది. వాళ్ళు అడిగినదానిలో అది చిన్న ముక్క. షెల్‌తో 1947లో ఒప్పందం కుదిరి, 1962 సెప్టెంబరులో ఆఖరి వాయిదా కట్టారు. ఇరవై నాలుగేళ్ళు పట్టింది. 1965లో సొంత పెట్రోలియం పరిశోధనా సంస్థ ఏర్పడింది. బీరువాల్లో దాచిన పటాల కోసం ఎవరినీ బతిమాలే పని తప్పింది. పాలిటెక్నిక్ హాస్టలుకు మాత్రం మంచి జరగలేదు. పేదపిల్లలు సమ్మె చేశారని 1956 సెప్టెంబరులో సైన్యాన్ని పంపి దాన్ని మూయించారు. అప్పటి అధ్యక్షుడు రూయిస్ కోర్తినెస్.

పదవి దిగాక కార్డెనాస్ ఇంట్లో కూర్చోలేదు. యుద్ధకాలంలో రక్షణమంత్రిగా చేశాడు. 1947లో సొంత సీమలో తెపల్కతెపెక్ నదీలోయ సంఘానికి సారథి అయ్యాడు. మాజీ అధ్యక్షుడు మలేరియా అడవుల్లో జీపు మీద తిరుగుతూ కాలవలు, రోడ్లు, జలవిద్యుత్ కేంద్రాలు, బళ్ళు కట్టించాడు. పదకొండేళ్ళు అదే పని. అక్కడ కూడా నీళ్ళు పారిన పొలాల్లోకి పత్తి కంపెనీల వడ్డీ డబ్బు దిగింది. భూమి రైతుదే, పంట కంపెనీది. 1961 నుంచి చనిపోయేదాకా బల్సాస్ నది సంఘం పని చూశాడు. ఆ నది మీద కట్టిన ఇన్‌ఫియెర్నియ్యో ఆనకట్ట రాజధానికి వెలుగిచ్చింది. దాని కింద చురుముకో పాత ఊరు మునిగింది. ముంపు ఊళ్ళ గోడు లేని ఆనకట్ట ఏ దేశంలోనూ కనబడదు.

1955 సంవత్సరపు సోవియట్ శాంతి బహుమతి ఆయనకు వచ్చింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా పంపిన కిరాయి మూకలు క్యూబా మీద దిగినప్పుడు, అరవై అయిదేళ్ళ వయసులో క్యూబాకు బయల్దేరబోయాడు. విమానం కదలనివ్వకపోతే రాజధాని నడిబొడ్డున జనం మధ్య నిలబడి క్యూబా పక్షాన మాట్లాడాడు.

1970 అక్టోబరు 19న కార్డెనాస్ చనిపోయాడు. విప్లవ స్మారక మందిరంలో ఆయనను ఖననం చేశారు. తాను దేశం దాటించిన కయ్యెస్ అస్థికలను అంతకు ఏడాది ముందే అక్కడికి చేర్చారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు.

2013లో మెక్సికో ప్రభుత్వం చమురులోకి ప్రైవేటు కంపెనీలను మళ్ళీ రానిచ్చింది. విచిత్రమేమిటంటే, ఇది కార్డెనాస్ బాటేనని చెబుతూ ఆయన పేరునే ప్రచారానికి వాడుకుంది. ఆయన కొడుకు క్వావ్‌తెమొక్ వీధుల్లోకి వచ్చి దాన్ని ఎదిరించాడు. 2024 అక్టోబరులో రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించి పెమెక్స్‌నూ విద్యుత్ సంస్థనూ ప్రభుత్వ సంస్థలుగా తిరిగి ప్రకటించారు. అప్పటికి పెమెక్స్ నెత్తిన పెద్ద అప్పుంది. 64 కిలోవాట్లతో మొదలైన విద్యుత్ సంస్థ తీగలు దేశమంతటా ఉన్నాయి.